వాకీటాకీ పిల్లల చేతికిచ్చే ముందు

ముందుగాల నా సంగతి

నేను పుట్టింది లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల. నాయిన వర్క్‌షాపుల ఫిట్టరు. రేకు, తీగె, స్క్రూ అంటే నాకు చిన్నప్పటి నుంచి భయం లేదు. ఐటీఐ చదివి సికింద్రాబాద్‌ల ఒక వైర్‌లెస్ కంపెనీల చేరిన. వాకీటాకీలు అమ్మే కంపెనీ అది. కట్టుబడి సైట్లకు, గోదాములకు, ఫంక్షన్ హాళ్లకు, జాతర కమిటీలకు సెట్లు ఇచ్చేటోళ్లం. నా పని వాటిని రిపేరు చేసుడు, కొన్నోళ్లకు వాడుడు నేర్పుడు. రిటైరయ్యేదాంక అదే పని చేసిన.

“సెల్‌ఫోన్ వచ్చినంక ఈ డబ్బాలెందుకమ్మా?” అని నా ముంగటనే నవ్వినోళ్లు చానామంది. వాళ్లకు జవాబు చెప్పుడు ఎప్పుడో బంద్ చేసిన. ఈ పనిలకు కొత్తగ వచ్చే పిల్లలు అడిగితే మాత్రం కూసోబెట్టి చెప్త. ప్రమోషన్లు, మెమోలు, ఆఫీసు రాజకీయాలు నాకు గుర్తు కూడ లేవు. గుర్తున్నయి కొన్నే. అవే ఈడ రాస్తున్న. నచ్చకపోతే మానేయున్రి, నేనైతే ఒక్క మాట కూడ వెనక్కి తీసుకోను.

క్రేన్ కింద

నాచారం అవతల ఒక పెద్ద గోదాము కడుతున్నరు. మా కంపెనీ సెట్లే వాడుతున్నరు. కొత్త బ్యాటరీలు ఇచ్చి వద్దామని ఆ పొద్దు నేను పోయిన.

క్రేన్ నడిపేటాయన పైన కూసుంటడు. ఆయనకు కింద ఏమున్నదో సరిగ్గ కనిపియ్యదు. కింద ఒక సిగ్నల్‌మ్యాన్ నిలబడి వాకీటాకీల “పైకి, కిందికి, ఎడమకు” అని చెప్తుంటడు. ఆయన నోరే పైనాయనకు కండ్లు. ఆ పొద్దు ఇనుప దూలం ఎత్తుతున్నరు. అది ఒకవైపు ఒరుగుతున్నదని సిగ్నల్‌మ్యాన్ చూసిండు. నేనూ చూసిన. అదే టైముకు ఇంజనీరు సెట్ల ఇంకేదో మాట్లాడుతున్నడు. సిమెంటు లారీ ఏడున్నది, ఎవరు దించుతరు, అని. మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉన్నది. సిగ్నల్‌మ్యాన్ బటన్ మీద వేలు పెట్టిండు, కానీ నొక్కలే.

నేను కొంగు ఊపుకుంట “ఆపు! ఆపు!” అని ఉరికిన. క్రేన్ చప్పుడుల నా గొంతు ఎవరికి వినపడతది? దూలం జారింది. కింద ఉన్న మేస్త్రీ పాదం నలిగిపోయింది.

మేస్త్రీని దవాఖానకు పంపినంక సిగ్నల్‌మ్యాన్ ఇటుకల మీద కూలబడ్డడు. నేను పక్కన కూసున్న.

“చూసినవు గదా, ఎందుకు చెప్పలే?”

“సారు మాట్లాడుతుండె మేడం. పెద్ద సారు మాట్లాడంగ నడుమల ఎట్ల అంట?”

ఆ మాట నన్ను మస్తు రోజులు నిద్ర పోనియ్యలే. సెట్టు మంచిగనే ఉన్నది. బ్యాటరీ నిండుగ ఉన్నది. ఛానెల్ సాఫ్‌గ ఉన్నది. పాడైంది సెట్టు కాదు, పెద్ద సారు ముందు చిన్నోడు నోరు తెరవొద్దన్న మర్యాద.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఎవరికి ప్రమాదం కనిపిస్తే వాళ్లు మూడుసార్లు “ఆగు, ఆగు, ఆగు” అనాలె. ఆ మాట వినపడంగనే ఇంజనీరైనా, ఓనరైనా నోరు మూసుకోవాలె. ప్రతి కస్టమర్‌కు ముందుగాల ఇదే చెప్పేదాన్ని, తర్వాతనే చార్జర్ ఎట్ల పెట్టాల్నో చూపేదాన్ని.

మా మేనేజర్‌కు ఇది నచ్చలే. “రాజమణీ, మనం సెట్లు అమ్ముతం. భయం అమ్మం. క్రేన్ కథ చెప్తే కొనేటోడు ఎన్కకు పోతడు” అన్నడు.

“పోనీ సార్. భయపడి పోయినోడు రేపు మనిషిని చంపడు” అన్న.

ఇంకోసారి ఒక ఫంక్షన్ హాల్‌కు లైసెన్స్ కావాల్సిన సెట్లు అమ్మమన్నడు, లైసెన్స్ సంగతి ఎత్తకుంట. నేను కస్టమర్ ముంగటనే ఎత్తిన. బేరం పోయింది. మరునాటి నుంచి నన్ను కౌంటర్ నుంచి తీసి ఎనుక రూముల రిపేరు బల్ల కాడ కూసోబెట్టిండు. అది నాకు శిక్ష అనుకున్నడు. కస్టమర్లు ఎనుక రూముకే వచ్చుడు మొదలుపెట్టిన్రు. రిటైరయ్యేదాంక నేను ఆ బల్ల ఇడవలే, నా మాట కూడ ఇడవలే.

కొత్తగ వచ్చే పిల్లలకు చెప్పేది ఇదే. మేనేజర్ కోపం రెండు నెలలు ఉంటది. మేస్త్రీ పాదం మల్ల రాదు.

క్యాంపస్‌ల ఏడుపు

ఇప్పుడు నేను ఉండేది తార్నాకల. నా చెల్లె బిడ్డ స్వప్న, ఆమె భర్త కిరణ్ అదే అపార్ట్‌మెంట్‌ల కింది అంతస్తుల ఉంటరు. వాళ్ల బిడ్డ అక్షిత ఆరో తరగతి, కొడుకు సన్నీ ఇంక నర్సరీ. కిరణ్ వాళ్లమ్మ సరోజినమ్మ గారు గుంటూరు దిక్కు టీచర్ చేసి రిటైరయ్యి వీళ్ల దగ్గరనే ఉంటది.

ఆదివారం చర్చి అయిపోయినంక వీళ్లంత యూనివర్సిటీ క్యాంపస్‌కు పోతరు. ఆడ చెట్లున్నయి, రాళ్ల గుట్టలున్నయి, పిల్లలు ఉరికేటందుకు జాగ ఉన్నది. ఒక ఆదివారం కిరణ్ నాకు చెప్పకుంట ఆన్‌లైన్‌ల ఒక జత వాకీటాకీలు తెప్పిచ్చి పిల్లలకిచ్చిండు. దాగుడుమూతలు ఆడుకునేటందుకు.

కొంచెం సేపటికి స్వప్న ఫోన్. “పెద్దమ్మా, జెల్ది రా. అక్షితను ఎవరో పట్టుకొని అరుస్తున్నరు. సెట్లు గుంజుకున్నరు. పోలీసుల పిలుస్తరంట.”

ఆటోల పోయిన. చెట్ల కింద జనం గుమిగూడి ఉన్నరు. ఆ పొద్దు క్యాంపస్‌ల పరుగు పోటీ పెట్టిన్రంట. దారి పొడుగునా వలంటీర్ల చేతుల్ల సెట్లు. ఒకాయన ఉరుక్కుంట పడిపోతే వాళ్లు అంబులెన్సును పిలుస్తున్నరు. అదే ఛానెల్‌ల మా అక్షిత గొంతు: “సన్నీ, నేను ఏడున్ననో చెప్పుకో!” పిలుపు సగం సగం వినపడ్డది. ఆఖరికి ఒక వలంటీరు ఉరికి పోయి అంబులెన్సును తోలుకొచ్చిండు. పడ్డాయన లేచి కూసున్నడు, దేవుని దయ.

పోటీకి వైర్‌లెస్ ఇన్‌ఛార్జి ఒక మీసాలాయన. ఆయన అక్షిత ముంగట వంగి అరుస్తున్నడు. “మనిషి సచ్చిపోతే ఎవరు జిమ్మేదార్? నువ్వా?” పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతున్నది. కిరణ్ తల వంచుకొని “సారీ సార్, సారీ సార్” అంటున్నడు.

నేను ముంగటికి పోయి “సెట్టు చూపియ్యు” అన్న.

“మీరెవరు?”

“నీ చేతుల ఉన్న సెట్టు లాంటియి వేలు విప్పి బిగించినదాన్ని. చూపియ్యు.”

ఇచ్చిండు. చూడంగనే నాకు అర్థమైంది. ఏ ఛానెల్‌కైనా తిప్పుకోవచ్చు, ఎవరి మాటల్లకైనా దూరొచ్చు. మన దేశంల ఇట్లాంటిది లైసెన్స్ లేకుంట వాడొద్దు.

“అత్తమ్మా, లైసెన్స్ అక్కర్లేదని ఆన్‌లైన్‌ల రాసి ఉన్నది” అన్నడు కిరణ్.

“అమ్మేటోడు ఏమన్న రాస్తడు. చట్టం వాడు రాయడు గదా.” ఇన్‌ఛార్జి దిక్కు తిరిగిన. “నీ కోపం న్యాయమే. ఈ సెట్లు తీస్కపో, మాకొద్దు. పోలీసులను పిలుస్తవా, పిలువు, నేనే నిలబడి చెప్త. కానీ పదకొండేండ్ల పిల్ల మీద మనిషి సావు మోపినవు. ముందుగాల దానికి సారీ చెప్పు.”

“నేనా?”

“నువ్వే. కొన్నది పెద్దోళ్లు. అమ్మింది పెద్దోళ్లు. ఏడుస్తున్నది మాత్రం ఇది.”

ఆయన నన్ను చూసిండు, పిల్లను చూసిండు. ఆఖరికి మోకాళ్ల మీద కూసొని, “బేటా, టెన్షన్‌ల అరిసిన. తప్పు నీది కాదు” అన్నడు. ఆయన మీద నాకు కోపం పోయింది. గట్టిగ అరిసినంత గట్టిగ తగ్గుడు అందరికి రాదు.

మిద్దె మీద పాఠాలు

ఇంటికొచ్చినంక తీర్పులు మొదలైనయి.

“ఇంక ఆ డబ్బాల పేరెత్తొద్దు అత్తమ్మా, పరువు పోయింది” అన్నడు కిరణ్.

“అంతమందిలో ఆడపిల్లని ఏడిపించారు వదినగారూ. మళ్లీ మనకెందుకండీ అవి?” అన్నది సరోజినమ్మ గారు.

అక్షిత మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకొని “నేను ముట్టుకోను” అన్నది.

ఆ ఒక్క మాట నాతోని కాలే. వాళ్లు వద్దనుకుంటే వేరు. పిల్ల భయపడి వద్దంటే వేరు. నా జిందగీ అంత నేర్పిన వస్తువుకు నా ఇంట్లనే ఒక పిల్ల భయపడుడా? లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌ల పనిచేసే, మన దేశంల అనుమతి ఉన్న చిన్న సెట్లు తెచ్చిన. పవర్ తక్కువ, దూరం తక్కువ. ఇంటిల్లిపాదికి అంతకంటె ఎక్కువ అక్కర్లేదు. తెచ్చి మిద్దె మీద పెట్టి, “అక్షితా, ముట్టుకోకు. ఉత్తగ పక్కన కూసో” అన్న.

ఉత్తగ కూసోవడం పిల్లలకు వస్తదా? మూడో రోజుకు చేతుల పట్టుకున్నది.

బటన్ నొక్కంగనే మాట్లాడొద్దు, ఒక ఊపిరి ఆగి మాట్లాడు, లేకుంటే మొదటి మాట కోసుకపోతది. మాట అయినంక వేలు తియ్యు, నువ్వు వేలు తీసేదాంక ఎదుటోళ్లు మూగోళ్లే. అందుకే సెట్టు జేబుల పెట్టుకొని దాని మీద కూసోవద్దు. మూతికి జానెడు దూరంల పెట్టు. మాట్లాడేటప్పుడు యాంటెన్నా పట్టుకోవద్దు, విరిగిన యాంటెన్నాతోని అసలే మాట్లాడొద్దు. పెట్రోల్ బంకుల బంద్ చెయ్యి. బండి నడిపేటోళ్ల చేతికియ్యకు. బ్యాటరీ ఉబ్బినా, తడిసినా చార్జింగ్ పెట్టకు. ఇవన్నీ అది ఒక పూటల నేర్చుకున్నది.

ఇంకోటి నేను చెప్పకముందే గాలే నేర్పింది. ఒక సాయంత్రం అది మిద్దె మీద, స్వప్న కింద. అక్షిత గర్వంగ, “హలో మమ్మీ, నేను అక్షిత, సిక్స్త్ క్లాస్…” అనుకుంట స్కూల్ పేరు కూడ చెప్పింది. వేలు తీసింది. స్వప్న గొంతుకు బదులు ఒక మొగ గొంతు వచ్చింది.

“ఆ స్కూలా బేటా? ఏడుంటవు నువ్వు?”

పిల్ల మొహం పాలిపోయింది. నేను సెట్టు తీసుకొని జవాబియ్యకుంట ఛానెల్ మార్చిన. ఆయన లాలాపేట్‌ల క్యాటరింగ్ చేసుకునే మంచి మనిషే కావొచ్చు. కాకపోవచ్చు కూడ. మనకు ఎట్ల తెలుస్తది?

“అమ్మమ్మా, ప్రైవసీ కోడ్ పెట్టిన గదా?” అన్నది అక్షిత.

“ఆ కోడ్ మన చెవి మూస్తది బిడ్డా, ఎదుటోడి చెవి మూయదు. ఆయన సెట్ల కూడ అదే కోడ్ ఉన్నట్టుంది, అందుకే మనకు వినపడ్డడు. ఇది గల్లీల నిలబడి అరుసుడు లాంటిదే. గల్లీల అరవని మాట దీంట్ల అనొద్దు. పేరు, స్కూలు, ఇల్లు, ఒక్కదాన్నే ఉన్న అనే మాట, ఏదీ అనొద్దు.”

ఆ రోజే ఇంట్ల అందరికి మారుపేర్లు పెట్టుకున్నరు. కిరణ్ ‘మిర్చి’. స్వప్న ‘జామ’. సరోజినమ్మ గారు ‘గోంగూర’ నాకే కావాలన్నది. అక్షిత ‘పిచ్చుక’.

ఆఖరుకు క్రేన్ కథ చెప్పిన. పిల్లకు చెప్పొచ్చునా అని స్వప్న అడిగింది. చెప్పాలె. “ప్రమాదం కనిపిస్తే మూడుసార్లు ఆగు అనాలె. డాడీ మాట్లాడుతున్నా, నేను మాట్లాడుతున్నా” అన్న. కిరణ్ నవ్విండు, “ఇంక ఇంట్ల మా మాట నడిచినట్టే” అని.

అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ ఒకసారి మిద్దె మీదికొచ్చి, రేడియేషన్ అంటరు, గూఢచారులంటరు, బంద్ చేస్తే మంచిగుంటది అన్నడు. “మీ జేబుల సెల్‌ఫోన్ బంద్ చేయున్రి, నేను బంద్ చేస్త” అన్న. దిగిపోయిండు.

మబ్బు పట్టిన ఆదివారం

ఎండాకాలం మొదట్ల మల్ల క్యాంపస్‌కు పోయినం. కిరణ్, స్వప్న సన్నీని తీసుకొని గుట్ట ఎక్కిన్రు. సరోజినమ్మ గారికి మోకాళ్ల నొప్పులు, ఆమె కింద మైదానంల చాప పరుచుకొని కూసున్నది, తోడు అక్షిత. నేను దూరంగ రోడ్డు మీద కారు దగ్గర ఉన్న, నాకు నడుపుడు రాదు. మూడు జాగలల్ల మూడు సెట్లు.

మధ్యాహ్నం దాటంగనే మల్కాజ్‌గిరి దిక్కు నుంచి మబ్బు నల్లగ లేచింది. హైదరాబాద్ ఎండాకాలం వాన సంగతి తెలిసిందే, చెప్పి రాదు. దుమ్ము లేచింది. ఉరిమింది. సెట్ల కిరణ్ గొంతు వచ్చింది.

“పిచ్చుకా, నానమ్మను తీసుకొని మైదానంల ఆ పెద్ద చెట్టు కిందికి పో. ఆడనే ఉండున్రి. మేం దిగి వస్తం.”

మైదానంల ఒంటి చెట్టు అది, పిడుగు దానినే ఎతుక్కుంటది. నేను బటన్ మీద వేలు పెట్టేలోపట చిన్న గొంతు వినపడ్డది.

“ఆగు. ఆగు. ఆగు. మిర్చీ, చెట్టు కింద వద్దు. పిడుగు పడ్తది. మేం లైబ్రరీ వరండాలకు పోతున్నం. మీరు గుట్ట మీద నిలబడకున్రి, దిగున్రి.”

“చెప్పినట్టు విను! వరండా దూరం. నానమ్మ నడవలేదు.”

“ఆగు, ఆగు, ఆగు.” గొంతు వణుకుతున్నది. అయినా అన్నది. “నేను చెట్టు కిందికి పోను.”

నేను వేలు తీసేసిన. పిల్ల చెప్పాల్సింది చెప్పింది. నడుమల నేను దూరితే అది నా మాట అయితది, దాని మాట కాదు.

తర్వాత స్వప్న గొంతు. “విన్నం పిచ్చుకా. దిగుతున్నం.”

వాన దబదబ మొదలైంది. కార్ల అద్దాలెక్కించుకొని కూసున్న. దూరంగ ఇద్దరు కనిపిస్తున్నరు. పొట్టి మనిషి భుజం మీద చెయ్యేసి లావు మనిషి కుంటుకుంట నడుస్తున్నది. నడుమల సరోజినమ్మ గారు ఆగి చెట్టు దిక్కు చేయి చూపింది. అక్షిత తల అడ్డంగ ఊపి ఆమె చేయి గుంజింది. మెరుపు మెరిసినప్పుడల్లా నేను ప్రార్థన చేసిన. ఉరుముకు కారు అద్దాలు దడదడలాడినయి. గుట్ట దిక్కు వాన తెర తప్ప ఏం కనిపిస్తలేదు.

“గోంగూర, పిచ్చుక వరండాల ఉన్నం. తడిసినం. మంచిగున్నం.”

గుట్ట నుంచి జవాబు లేదు. పిల్ల మల్ల పిలిచింది. “జామా, మిర్చీ, వినపడుతుందా?” చప్పుడు లేదు. రాళ్ల మీద తడి, చేతుల పసిపోరడు. ఆఖరికి రాయి చాటు దాటి బయటికొచ్చిన్రేమో, గరగరమనుకుంట స్వప్న గొంతు. “దిగినం. రోడ్డు మీదున్నం.”

కిరణ్ కారును వరండా దాంక తోలిండు, అందరం కార్ల చేరినం. సీట్లు నీళ్లు కారుతున్నయి. వాన కొంచెం తగ్గినంక కిరణ్ అద్దం తుడిచి మైదానం దిక్కు చూసిండు. చెట్టు నిలబడే ఉన్నది. ఒక కొమ్మ కూడ విరగలే.

“చూసిన్రా? చెట్టుకేం కాలే. అమ్మను వానల నడిపించింది, నా మాట కాదన్నది. అక్షితా, సారీ చెప్పు.”

“చెప్పను డాడీ.”

“ఏందీ?”

“చెప్పను. నేను తప్పు చేయలే.”

ఏడుస్తున్నది, కానీ కండ్లు దించుతలేదు.

“కిరణ్, నువ్వు చూడాల్సింది చెట్టును కాదు” అన్న నేను. “నా పనిల ఏం కాకుంట ఇంటికి చేరుడే గెలుపు. దానికి సాక్ష్యం ఎన్నడూ దొరకదు. ఆ పిల్ల నోరు మూసుకొని, పిడుగు పడి ఉంటే, అప్పుడు దొరుకుతుండె నీకు సాక్ష్యం.”

సరోజినమ్మ గారు కొంగు పిండుకుంట, “ఒరేయ్, తడిసింది నేను. మోకాలు నొప్పి పుట్టింది నాకు. నాకే లేని కోపం నీకెందుకురా? దీని మీద నేను కూడా అరిచాను, చెట్టు కిందికి పోదామని. పిల్ల ఏమందో తెలుసా? ‘నానమ్మా, తిట్టు, కానీ నడువు’ అంది. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇంత బాగా ఎవరికీ చెప్పలేదు నేను” అన్నది.

కిరణ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముంగటికి చూసుకుంట కూసున్నడు. వాన చినుకులు అద్దం మీద జారుతున్నయి. ఒక మొగోడు తన బిడ్డ ముంగట ఓడిపోవాల్నా, నేర్చుకోవాల్నా తేల్చుకునేటప్పుడు ఎవరూ తొందర చెయ్యొద్దు.

తర్వాత ఎనక్కి తిరిగి టవల్ అక్షిత ఒళ్లె పెట్టిండు.

“తమ్మునికి కూడ నేర్పు” అన్నడు. “ఆ మాట. నేను తప్పు చెప్పినా, అమ్మ తప్పు చెప్పినా, ఆపమను.”

అక్షిత ముక్కు తుడుచుకొని సన్నీ దిక్కు తిరిగింది. వాడు బిస్కెట్ నములుతున్నడు. “సన్నీ, నా దిక్కు చూడు. మూడుసార్లు అనాలె. గట్టిగ. భయమైనా అనాలె.” వాడు నోట్ల బిస్కెట్‌తోనే ఒకసారి అన్నడు. “గట్టిగ అనురా” అన్నది అక్క.

కిరణ్ తాళం చెవి తిప్పలే. వాడు మూడుసార్లు సరిగ్గ అనేదాంక బండి ఆడనే ఉన్నది.